ఒకటే దరువు, తెల్లారేదాకా

నాకు బాగా ఇష్టమైన పాటల్లో చాలావాటిలో ఏమీ జరగదు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనేది ఉండదు, గొంతెత్తి పాడే చోటు ఉండదు. డ్రమ్ము మొదలవుతుంది, బేస్ గిటార్ దానికి తోడవుతుంది, ఇక అదే పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మొదట వింటే మెషిన్ వాయిస్తోందా అనిపిస్తుంది. కాసేపటికి మనకు తెలియకుండానే కాలు ఆడుతుంది, తల ఊగుతుంది, మధ్యలో ఎవరైనా ఆపేస్తే కోపమొస్తుంది. ఇలాంటివి ఇంకా చెప్పమని దోస్తులు అడుగుతుంటారు కాబట్టి ఒక్కొక్కరికి వాట్సాప్‌లో పంపే బదులు ఒకేచోట రాద్దామని కూర్చున్నాను. కూర్చున్నాక ముందు గుర్తొచ్చింది పాట కాదు, మా ఇంటి మగ్గం.

మాది పాత నల్గొండ జిల్లా, చండూరు వైపు. నేత ఇళ్లు. పొద్దున కళ్లు తెరవకముందే చెవులు తెరుచుకునేవి, ఎందుకంటే నాయిన అప్పటికే గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు. గుంట మగ్గం చూడనివాళ్ల కోసం చెబుతాను. నేలలో తవ్విన గుంటలో కాళ్లుంటాయి, కాళ్ల కింద చెక్కలుంటాయి. ఒక చెక్క తొక్కితే పడుగు, అంటే నిలువు దారాలు, రెండుగా విడిపోతుంది, కుడిచేత్తో తాడు లాగితే అడ్డదారం మోసుకెళ్లే నాడె ఆ సందులోంచి ఇటు నుంచి అటు దూసుకుపోతుంది, ఎడమచేత్తో చట్రాన్ని లాగి ఆ అడ్డదారాన్ని, అంటే పేకను, బట్టకు ఆనేలా కొడతారు. తొక్కుడు, లాగుడు, కొట్టుడు. మళ్లీ రెండో కాలు. టక్, టకటక్, ధబ్. ఇదే పొద్దుగూకేదాకా. మూడు చప్పుళ్లకు మూడు గొంతులుండేవి: చెక్కది మెత్తగా, నాడెది పెళుసుగా, కొట్టుడుది గోడ దాకా వెళ్లేంత బరువుగా. నేను తర్వాత రోజుల్లో డ్రమ్ సెట్‌లో కిక్, హై-హ్యాట్, స్నేర్ అని విడివిడిగా వినడం నేర్చుకున్నప్పుడు కష్టం అనిపించలేదు, అవి మూడూ నాకు ముందే తెలుసు.

ఒకసారి నాయినకు జ్వరమొస్తే చిన్నాయన వచ్చి రెండు మూరలు నేసిపోయాడు. చిన్నాయన పని తక్కువదేం కాదు, ఊళ్లో మంచి పేరున్న చెయ్యి. కానీ నాయిన లేచి ఆ బట్టను వెలుతురుకు పట్టి చూసి, వేలితో గీత గీసినట్టు ఎక్కడ మొదలైందో చూపించాడు. "చెయ్యి మారితే బట్ట చెప్తది బిడ్డా" అన్నాడు. కొట్టుడు బరువు కాస్త ఎక్కువైతే పేక దగ్గర పడుతుంది, తక్కువైతే పల్చబడుతుంది, కంటికి అడ్డగీతలా కనిపిస్తుంది. అంటే వందలసార్లు, వేలసార్లు ఒకేలా కొట్టాలి, అయినా ఆ ఒకేలాలో ఆ మనిషి ఉంటాడు. నేను సంగీతం గురించి చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇక్కత్ నేసే ఇళ్లలో చప్పుడు ఇంకోలా ఉంటుంది. పుట్టపాకలో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు విన్నాను. పేక దారానికి ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులద్ది ఉంటారు కాబట్టి నాడె పోయాక డిజైన్ సరిగ్గా కూర్చుందా లేదా అని చూసి, దారాన్ని వెంట్రుకవాసి ఇటో అటో జరిపి అప్పుడు కొడతారు. అందువల్ల టకటక్ తర్వాత ఒక ఖాళీ వస్తుంది, ఆ ఖాళీ ఎప్పుడూ ఒకే పొడుగు ఉండదు, ఆ తర్వాత ధబ్. కింద అంచు దాకా సాదా బట్ట వస్తే గబగబా పరుగు. పిల్లాడిగా నేను ఆ ఖాళీలో ఊపిరి పట్టుకుని ధబ్ కోసం ఎదురుచూసేవాణ్ణి. ఈ రోజుకీ మంచి డ్రమ్మర్ ఒక దెబ్బను కాస్త ఆలస్యంగా వేస్తే నాకు ఛాతీలో అదే జరుగుతుంది.

ఇదంతా చదివి ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం గొప్ప సంగతి అంటున్నానని అనుకోకండి. అమ్మ ఆసు పోసేది. చిటికి కట్టడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి, ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు వెళ్లి రావాలి. అందులో సంగీతం ఏమీ లేదు, భుజం నొప్పి ఉంది, రాత్రిపూట జండూబామ్ వాసన ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి బాధ చూడలేక ఆసు యంత్రం చేశారు, ఆమె పేరే దానికి పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా వైపు ఇళ్లలోకి వచ్చాక ఆడవాళ్ల చేతులకు దొరికిన విశ్రాంతి ముందు ఏ పాటా నిలవదు. మెషిన్ అంటే నాకు శత్రుభావం లేకపోవడానికి అదొక కారణం.

ఇంకో కారణం సిరిసిల్ల. అక్కడ మేనమామ ఇల్లు. సెలవులకు వెళ్తే షెడ్డులో వరసగా సాంచాలు నడిచేవి, కరెంటు మగ్గాలన్నమాట. మాట వినపడదు, చేతులతో సైగలే. చెవులు అలవాటు పడ్డాక విచిత్రంగా ఒకటి వినిపించేది. పక్కపక్కన ఉన్న రెండు సాంచాలు ఒకే వేగంతో నడుస్తున్నట్టు ఉంటాయి, కానీ కావు. ఒకటి పిసరంత వేగం. రెండూ కలిసి ఒకే దెబ్బగా పడుతూ పడుతూ మెల్లగా విడిపోతాయి, దెబ్బ మీద దెబ్బ కాస్తా దెబ్బ పక్కన దెబ్బ అవుతుంది, కొత్త దరువు పుడుతుంది, ఎవరూ వాయించని దరువు, ఇంకాసేపటికి మళ్లీ ఒకటైపోతాయి. అత్తమ్మ అన్నానికి పిలిచినా నేను కదిలేవాణ్ణి కాదు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అమెరికాలో స్టీవ్ రైక్ అనే ఆయన సరిగ్గా ఇదే విని దాన్నే సంగీతం చేశాడని. 1965లో ఒక వీధి ప్రసంగీకుడి మాటల ముక్కను రెండు టేప్ రికార్డర్లలో పెట్టి కలిపి వినబోతే, అవి రెండూ ఒకే వేగంలో నడవక మెల్లగా జరిగిపోయాయి. ఆయన దాన్ని సరిదిద్దకుండా అలాగే వదిలేశాడు. 1970లో ఘనా వెళ్లి అక్కడి డ్రమ్ములు నేర్చుకున్నాడు, వచ్చి 'డ్రమ్మింగ్' రాశాడు. 1972లో 'క్లాపింగ్ మ్యూజిక్'. ఇది తప్పకుండా వినండి, ఇద్దరు మనుషులు, చప్పట్లు, అంతే. పన్నెండు మాత్రల దరువు ఒకటి ఇద్దరూ కొడుతుంటారు, ఒకరు అలాగే ఉంటారు, రెండోవాళ్లు కొన్ని ఆవృత్తాలకోసారి ఒక్క మాత్ర ముందుకు జరుగుతారు, అలా జరుగుతూ జరుగుతూ చివరికి మళ్లీ మొదటివాళ్లతో కలుస్తారు. నాకు బతుకమ్మ గుర్తొస్తుంది. వలయం చిన్నదైతే చప్పట్లన్నీ ఒక్కటే. సద్దుల రోజు ఊరంతా వచ్చి వలయం పెద్దదైతే అటువైపు చప్పట్లు కాస్త వెనకగా అందుతాయి, ఒక్కొక్క చప్పట్టు అంచుకు కుచ్చిళ్లు వచ్చినట్టు వెడల్పవుతుంది. పాట చెప్పే పెద్దమ్మ మాత్రం ఎక్కడా తొణకదు.

డప్పు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మా ఊళ్లో పీర్ల పండుగకు అలావ (నిప్పుల గుండం) చుట్టూ రాత్రంతా డప్పుల మీద ఒకటే దరువు నడిచేది, హిందువులూ ముస్లింలూ అని లేకుండా అందరూ ఆడేవాళ్లు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల, ఒకటి బరువు మోస్తుంది, ఇంకొకటి సందులు నింపుతుంది. చర్మం చల్లబడితే స్వరం దిగిపోతుంది కాబట్టి ఒకరిద్దరు పక్కకు పోయి మంటకు కాచుకుంటారు, మిగతావాళ్లు దరువు పడిపోకుండా మోస్తారు, వేడెక్కిన డప్పు తిరిగొచ్చి కలవగానే మొత్తం చప్పుడు ఒక్కసారిగా పైకి లేస్తుంది. దరువు మాత్రం ఒక్క దెబ్బ మారదు. అదే దరువు, కానీ రాత్రి పదింటికి ఒక రంగు, రెండింటికి ఇంకో రంగు. ఆ వాయించినవాళ్ల పేర్లు ఏ క్యాసెట్ మీదా లేవు, మా జిల్లాలో నేను విన్న అతి గొప్ప వాయిద్యకారులు వాళ్లే అని మాత్రం గట్టిగా చెప్పగలను.

నల్గొండలో డిగ్రీ చదివే రోజుల్లో క్లాక్ టవర్ దగ్గర పాటలు రికార్డు చేసిచ్చే షాపులుండేవి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి జాబితా రాసిస్తే సాయంత్రానికి తయారు. అక్కడ సినిమా పాటలే. మిగతా ప్రపంచం హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, రూమ్మేట్ అయిన ఒక బెంగాలీ దోస్తు హార్డ్ డిస్క్‌లోంచి వచ్చింది. పేర్లు కూడా పలకరాని బ్యాండ్లు. అందులో 'నాయ్' అనే జర్మన్ జంట. మైకేల్ రోటర్ గిటార్, క్లాస్ డింగర్ డ్రమ్ములు, ఇద్దరూ అంతకుముందు కొన్నాళ్లు క్రాఫ్ట్‌వెర్క్ అనే జర్మన్ బ్యాండ్‌లో వాయించినవాళ్లే. 1972లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట 'హాలోగాలో', పది నిమిషాలుంటుంది. డింగర్ నాలుగు లెక్కల బీటు ఒకటి మొదలుపెట్టి అలా పోతూనే ఉంటాడు, పైన గిటార్లు మేఘాల్లా వచ్చి పోతుంటాయి. ఈ బీటుకు పత్రికలవాళ్లు 'మోటరిక్' అని పేరు పెట్టారు, డింగర్‌కు ఆ పేరు నచ్చేది కాదు, మోటారు అనగానే మనిషి పోయి మెషిన్ మిగులుతుందని అనుకుంటా. నేను దాన్ని మొదటిసారి పూర్తిగా విన్నది శుక్రవారం రాత్రి ఊరికి పోయే బస్సులో, చౌటుప్పల్ దాటాక. చిట్యాల, నార్కట్‌పల్లి, లారీల లైట్లు, కిటికీ సీటు. పాట అయిపోగానే మళ్లీ పెట్టాను. నల్గొండ బస్టాండ్ వచ్చేదాకా ఇంకో పాట వినలేదు.

ఆ హార్డ్ డిస్క్‌లోనే 'క్యాన్' ఉంది, కొలోన్ నగరం బ్యాండ్, 1968లో మొదలైంది. వాళ్ల డ్రమ్మర్ యాకి లీబెట్‌సైట్ నాకు అందరికంటే పైన. ఆయన మొదట జాజ్‌లో, అదీ కట్టుబాట్లు లేని ఫ్రీ జాజ్‌లో వాయించేవాడు. ఒకసారి ఒకతను వచ్చి, నువ్వు ఒకేలా వాయించాలి అని చెప్పిపోయాడట, ఆ మాట తన దారే మార్చేసిందని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. 1971 నాటి 'టాగో మాగో' ఆల్బమ్‌లో 'హల్లెలూవా' అని పద్దెనిమిది నిమిషాల పాట ఉంది. నాయినకు వినిపించాను. అప్పటికి ఆయన మగ్గం దిగి చాలా రోజులైంది, మోకాళ్లు సహకరించడం లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"గిది మిషినా, మనిషా?" అని అడిగాడు.

"నువ్వే చెప్పు నాయినా."

ఇంకాసేపు విన్నాడు. "మనిషే. యాళ్ల తప్పుతలేడు గని, దెబ్బ బరువు మారుతున్నది."

ఈ ఒక్క మాట కోసం ఈ పోస్టంతా రాసినా సరిపోతుంది. సమయం కదలదు, బరువు కదులుతుంది. అందుకే అలాంటి దరువు మెషిన్‌లా వినిపిస్తూనే మనల్ని పట్టుకుంటుంది. ఒకేలా వాయించాలని ఒక మనిషి ప్రాణం పెట్టి చేసే ప్రయత్నం, చేతికి తెలియకుండానే వచ్చే ఆ చిన్న తేడాలు, అవి రెండూ కలిసి వినిపిస్తాయి. లీబెట్‌సైట్ 2017లో పోయాడు. పద్దెనిమిది నిమిషాలంటే భయపడేవాళ్లు వాళ్లదే 'విటమిన్ సి'తో మొదలుపెట్టండి, మూడున్నర నిమిషాలే.

బ్రయాన్ ఈనో అనే సంగీతకారుడు 1970లలో మూడే గొప్ప బీట్లున్నాయని అన్నాడు: నైజీరియా గాయకుడు ఫెలా కుటీ ఆఫ్రోబీట్, అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఫంక్, డింగర్ నాయ్ బీట్. మిగతా రెండూ కూడా వినాలి. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' 1969లో రికార్డయింది, డ్రమ్ముల మీద క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. అందులో డ్రమ్మర్ వంతు వచ్చినప్పుడు బ్రౌన్ ఏమంటాడంటే, సోలో ఏమీ వాయించొద్దు, ఉన్నదాన్నే పట్టుకుని ఉండు అని. ఎంత మంచి సలహా! ఆయన అలాగే ఉన్నాడు, ఆ కొన్ని సెకన్ల ముక్కను తర్వాత హిప్‌హాప్ వాళ్లు లెక్కలేనన్ని పాటల్లో వాడుకున్నారు, స్టబుల్‌ఫీల్డ్ చేతికి మాత్రం వాటి మీద రాయల్టీ రాలేదు. నేతన్నకూ షోరూమ్‌కూ మధ్య జరిగేది చూసినవాడిని కాబట్టి అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఫెలా కుటీవి అన్నీ పెద్ద పాటలే, 'వాటర్ నో గెట్ ఎనిమీ'తో మొదలుపెట్టండి, 1975ది. పాట కోసం కాదు, ఆయన డ్రమ్మర్ టోనీ అలెన్ కోసం వినండి, రెండు చేతులూ రెండు కాళ్లూ నాలుగు వేరువేరు మాటలు మాట్లాడుతుంటాయి, కలిపి వింటే ఒకటే నడక.

మెషిన్లతో చేసినవాటిలో ప్రాణం ఉండదా అంటే ఉంటుంది. డోనా సమ్మర్ 1977లో పాడిన 'ఐ ఫీల్ లవ్' మొత్తం జార్జియో మొరోడర్ అనే సంగీతకారుడు సింథసైజర్ మీద కట్టిన పాట. కానీ కిక్ డ్రమ్ మాత్రం మెషిన్‌తో సరిగ్గా రాక కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కాలితో వాయించాడు. భవిష్యత్తు ఇదే అని లోకమంతా అనుకున్న ఆ పాట కింద మనిషి కాలు ఉందన్నమాట, గుంటలో ఉన్నట్టే. మన దేశంలో చరణ్‌జిత్ సింగ్ గారు, బొంబాయి సినిమా పాటలకు వాయించిన ఆయన, 1982లో రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషిన్, బేస్ మెషిన్, సింథసైజర్ పెట్టుకుని పది రాగాలను డిస్కో బీటు మీద వాయించి ఒక ఎల్పీ తెచ్చారు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 1987లో షికాగోలో అదే బేస్ మెషిన్‌తో 'యాసిడ్' అనే సంగీతం పుట్టింది. 2010లో ఈ ఎల్పీ మళ్లీ విడుదలయ్యాక, ఐదేళ్ల ముందే ఆ చప్పుడు బొంబాయిలో ఉందా అని విదేశాలవాళ్లు నోరెళ్లబెట్టారు. మాల్కౌంస్ వినండి, మన హిందోళం అది. కింద మెషిన్ కొంచెం కూడా కదలదు, పైన ఆయన వేళ్లు రాగంలో జారుతుంటాయి. మగ్గంలో పడుగు బిగుసుకుని ఉంటే పేక ఆడుతుంది కదా, నాకు అలా వినిపిస్తుంది.

కాంగోలోని కిన్షాసా నుంచి 'కొనోనో నంబర్ వన్' గురించి రెండు మాటలు. బొటనవేళ్లతో మీటే లికెంబె అనే చిన్న వాయిద్యానికి పాత కార్ల సామాన్లలోంచి తీసిన అయస్కాంతాలతో మైకులు చేసుకుని పెద్ద స్పీకర్లకు పెట్టారు. చప్పుడు గరగరలాడుతుంది, వాళ్లు దాన్ని దాచలేదు, అదే వాళ్ల సొంత గొంతు అయిపోయింది. 'కాంగోట్రానిక్స్' ఆల్బమ్ పెట్టి ఇల్లు ఊడ్చుకోండి, పని అయిపోయినట్టే తెలియదు.

ఇంతదూరం తిరిగాక మన పాలమూరు తీగల వాయిద్యం కిన్నెరను నేను వేరే చెవులతో వింటున్నాను. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్య గారు, పన్నెండు మెట్ల కిన్నెర, 2022లో పద్మశ్రీ. జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెబుతున్నప్పుడు కథ మీద ధ్యాస పెట్టకుండా ఒక్కసారి చెయ్యిని మాత్రమే వినండి. ఒక చిన్న వరస, మళ్లీ అదే వరస, కథ ఎంత వేడెక్కినా ఆ వరస తొందరపడదు, కథకుడి గొంతే దాని మీదికి ఎక్కి దిగుతుంటుంది. హాలోగాలోలో గిటార్ చేసే పని ఇక్కడ గొంతు చేస్తోంది. మొగులయ్య గారివి విడిగా కిన్నెర మాత్రమే వాయించినవి మంచి మైకుతో గంటల కొద్దీ రికార్డు చేసి పెట్టాల్సింది, జర్మనీలో అయితే పెట్టేవాళ్లు.

వినేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఫోన్ స్పీకర్‌లో వద్దు, కిక్కూ బేసూ వినపడవు, అవి లేకపోతే ఈ పాటల్లో ఏమీ మిగలదు, నిజంగానే బోర్ కొడతాయి. ఇయర్‌ఫోన్స్ అయినా పర్వాలేదు. మొదటి మూడు నిమిషాల్లో తీర్పు చెప్పకండి. నడుస్తూ వినండి, బస్సులో వినండి, చేతులు ఏదో ఒక పనిలో ఉన్నప్పుడు వినండి, కదలకుండా కూర్చుని వినే సంగీతం కాదిది. మొదట విటమిన్ సి, తర్వాత హాలోగాలో, ఆ తర్వాత వాటర్ నో గెట్ ఎనిమీ, అప్పుడు మీకే తెలుస్తుంది ఎటు పోవాలో.

నేను మాత్రం వచ్చే పెద్దగట్టు జాతరకు రికార్డర్ కొనుక్కుని పోతున్నాను. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరుగుతుంది, లింగమంతుల స్వామి జాతర, భేరీలు, గజ్జెలు, ఓ లింగా ఓ లింగా అని గుట్టంతా ఒకటే మాట. నాయిన కూడా వస్తానన్నాడు, మోకాళ్లకు గుట్ట ఎక్కడం కష్టం కాబట్టి కిందనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, రికార్డర్ ఆయన చేతికే ఇద్దామనుకుంటున్నాను.